దోమ మెచ్చిన పైరు

చివరి గుప్పెడు యూరియా విసిరేసి, ఖాళీ సంచిని చంకలో దాచుకుని అసిరయ్య గట్టెక్కాడో లేదో, ఎదురుగా బావమరిది అప్పలసూరి! అసిరయ్య యూరియా చల్లింది ఆ అప్పలసూరి చేలోనే.

“ఏటి బావా, తెల్లారకుండానే ఇలా తగలడ్డావు?”

“నీ గట్టుకి పీత బొక్కలు పడ్డాయిరా సూరీ. పూడిసినాను.”

“ఎంత సెమ పడ్డావు బావా! నేనూ పీతల పనిమీదే తిరుగుతన్నాను.” అప్పలసూరి కాళ్లకు మోకాళ్ల దాకా బురద.

ఎంత వెర్రివెంగళప్ప వీడు! అసిరయ్యకు నవ్వాగలేదు. దగ్గు వచ్చినట్టు నటించాడు.

ఆ యేడు పంచాయతీ సమితివాళ్లు పంటల పోటీ పెట్టి, పోటీదార్లకు తైచుంగు అనే కొత్తరకం వరి విత్తనం, తలో రెండు బస్తాల యూరియా ఇచ్చారు. వీళ్లవి పక్కపక్క చేలు. పంట తగ్గినవాడు బొబ్బిలి సంతలో నలుగురి ముందూ మీసం గీయించుకోవాలని ఇద్దరూ పందెం కాసుకున్నారు. అసిరయ్యది పెళ్లినాటినుంచి నెయ్యి రాసి పెంచిన మీసం.

అసిరయ్యకు గెలిచే దారి చూపించినవాడు గ్రామసేవక్ జగన్నాధం. ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

“యూరియా మితిమీరితే పైరు లేతగా బలుస్తుంది. దోమ అలాంటిదాన్నే వెతుక్కుని వాలుతుంది. పచ్చదోమ ఆకులో రసం పీలిస్తే, గోధుమరంగు దోమ దుబ్బులో పీలుస్తుంది. ఒకే కంచం మీద పోటీపడే చుట్టాలనుకోండి!”

అందరూ నవ్వారు. అందులో కిటుకు పట్టినవాడు మాత్రం తానొక్కడేనని అసిరయ్య నమ్మకం.

తన చేలో గింజ యూరియా వెయ్యలేదు. అయినా పైరు నల్లగా నిగనిగలాడుతూ లేచింది.

“ఏటీ ఎయ్యకుండా ఇంత ఏపు ఎలాగొచ్చిందయ్యా?” అంది పెళ్లాం జగ్గమ్మ.

“ఇది నా సెయ్యే! పేడగెత్తం తోలిన సెయ్యి!” అని మీసం మెలేశాడు.

“మెలెయ్యి, మెలెయ్యి. మా తమ్ముణ్ణి మరీ తక్కువ సెయ్యకు.”

వెన్ను తీసేవేళకు దోమ దిగింది. అప్పలసూరి చేను చుట్లు చుట్లుగా మాడిపోయింది. అసిరయ్య మొహం వేలాడేసుకుని ఓదార్చి వచ్చి, ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. నాలుగోనాడు తన చేనూ అలాగే మాడింది. ఏడాది తిండి కళ్లముందే ఎండుగడ్డి అయిపోతుంటే గట్టుమీద చతికిలబడి భోరుమన్నాడు.

జగన్నాధం వచ్చి దుబ్బు విప్పి చూసి తల పట్టుకున్నాడు. అప్పలసూరి పక్కనే నిలబడ్డాడు.

“యూరియా ఎంత కుమ్మరించావయ్యా?”

“గింజ ఎయ్యనేదు బాబూ, మా అమ్మ తోడు!”

“మరి నీకిచ్చిన రెండు బస్తాలూ?”

దుఃఖంలో నోరు జారిపోయింది. “సూరిగాడి సేలో సల్లీసినాను బాబూ. దోమంతా ఆడిమీద పడిపోతాదని...”

అని బావమరిది ముందు తల వంచాడు. “కొట్టరా సూరీ. మీసం కూడా గీయించేసుకుంటాను.”

అప్పలసూరి కొట్టలేదు. మెల్లిగా బావ పక్కనే కూలబడ్డాడు.

“నా రెండు బస్తాలూ నీ సేలోనే ఉన్నాయి బావా.”