తుంగమడిలో కరెంటు

మంథని శివారులో తుంగ మడి కట్టి మురుగునీటిని శుభ్రం చేస్తోంది మహిమ. మడి అడుగు బురదలోని సూక్ష్మజీవులు మురికిని తింటూ కొద్దిపాటి కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటు తీగలనే ఎవరో పీకేస్తున్నారు. రాగి కోసం దొంగతనమేనని ఆమె అనుమానం.

ఆ పొద్దున పక్క చేను సాయవ్వ తీగ లాగుతూ దొరికిపోయింది.

“ఎవలకమ్ముతున్నవ్ అవ్వా?”

“అమ్ముడేంది బిడ్డా. నీళ్లల్ల కరెంటున్నదని నువ్వే చెప్తివి. నా పెనిమిటి మోటర్ కాడ కరెంటు కొట్టే సచ్చిండు. గీ నీళ్లు పసులు తాగుతయి.”

“గిది ఎవ్వలికి తాకేటంత ఉండదు, చూడు.” మహిమ నీళ్లలోకి చేయి చాపింది.

సాయవ్వ ఆమె జబ్బ పట్టి గట్టు మీదికి లాగేసింది. “సస్తవు బిడ్డా, చెయ్యి పెట్టకు!”

ఇన్నాళ్లూ ఆమె ప్రాణానికి తెగించే ఆ తీగలు పీకిందని మహిమకు అప్పుడు అర్థమైంది.