ఫేబీ తిండి పుస్తకం

"రాత్రి ఏం తినిందమ్మా?" పరుగు నేర్పే పెంచలకృష్ణ సారు గొంతు తగ్గించే అడిగాడు. కోపం మాత్రం తగ్గలేదు.

"నేను వండిన అన్నమే సార్. కోడిగుడ్డు పులుసు. వేరే మెతుకు ముట్టలా," అంది రెబెక్కమ్మ.

ఒంగోలు మైదానంలో కుళాయి పక్కన ఆమె కూతురు ఫేబీ కడుపు పట్టుకుని కూర్చుంది. తెల్లవారినప్పటి నుంచి మూడు వాంతులు. అవతల ఎనిమిది వందల మీటర్ల పరుగుకు పేర్లు పిలుస్తున్నారు. ఫేబీ పేరు రెండుసార్లు పిలిచి, కొట్టేసి, తరువాతి పేరుకు పోయారు.

ఇది మూడో పోటీ. మూడింటిలోనూ ఇదే తంతు.

రెండేళ్ల కిందట చెన్నై డాక్టరు తేల్చేశాడు. గోధుమలో ఉండే గ్లూటెన్ ఈ పిల్ల పేగులకు పడదు. చపాతీ, బిస్కెట్టు, సేమ్యా, బొంబాయి రవ్వ, మైదాతో చేసింది ఏదైనా సరే, పిసరంత చాలు. మందు లేదు, తినకపోవడమే మందు. వాకాడు దగ్గరి ఆ పల్లెలో ఈ సంగతి ఎవరికీ మింగుడుపడలేదు. అన్నం మానేసి చపాతీ తినమనే షుగరు జబ్బు అందరికీ తెలుసు. చపాతీ మానేసి అన్నం తినమనే జబ్బు ఎవరు విన్నారు?

రెబెక్కమ్మ మాత్రం నమ్మింది. ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టి కూతుర్ని చదివించుకుంటున్న మనిషి, కొలత తప్పడం ఆమెకు చేతకాదు. ఇంట్లో గోధుమపిండి లేకుండా చేసింది. ఇంగువలోనూ మైదా కలుపుతారని ఎవరో అంటే ఇంగువ మానేసింది. పోటీలకు తానే వెంట వెళ్లి, స్టవ్వు, గిన్నెలు, ఆఖరికి ఉప్పుతో సహా మోసుకెళ్లి వండింది. డాక్టరు చెప్పినట్టు ఫేబీ తిన్న తిండంతా ఒక నోటుపుస్తకంలో రాసింది.

సారు ఆ పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. అన్నం, చారు, వేపుడు చేప, అరటిపండు, రాగి సంగటి. తప్పు పట్టడానికి ఒక్క ముక్క కూడా దొరకలేదు.

"ఇంటికాడ బాగానే ఉంటాదా?"

"బాగుంటాది సార్. నెలకోసారి ఒకటి రెండు రోజులు కడుపునొప్పి అంటాది. ఆడపిల్లలకు అది ఉండేదే గదా," అంది ఆమె కొంచెం మొహమాటపడుతూ. "పోటీ అంటేనే ఇట్టా అవుతాది."

"అయితే ఇక్కడెవరో పెడుతున్నారమ్మా."

ఆ మాటతో రెబెక్కమ్మ వాణి మీదికి వెళ్లింది. వాణి ఫేబీతో కలిసి పరుగెత్తే పిల్ల, ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ.

"బిస్కెట్లు పెట్టినావా దానికి? నిజం చెప్పు!"

"లేదు ఆంటీ, ఒట్టు..." వాణి బిక్కచచ్చిపోయింది.

"నేనేం తినలా అమా! దాన్నెందుకంటావు?" ఫేబీ లేవబోయి మళ్లీ కూలబడింది.

తల్లి ఇద్దర్నీ నమ్మలేదు. ఆ రోజు నుంచి వాణి ఫేబీతో మాటలు మానేసింది.

ఇక మిగిలింది ఒక్కటే. నెలాఖరున నెల్లూరులో స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్లు. వచ్చే ఏడు ఫేబీకి వయసు దాటిపోతుంది. ఈసారీ పరుగెత్తకపోతే తానేమీ చేయలేనని సారు ముందే చెప్పేశాడు.

సెలెక్షన్ల ముందు రోజు సాయంత్రం ఫేబీ సంచి సర్దుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది.

"నేను పోను అమా. అందరి ముందర కక్కుకోవడం సిగ్గుగా ఉండాది. నా ఒళ్లే నాకు పగబట్టినట్టుండాది."

"ఈసారి నెల్లూరే కదా. రాత్రి పడుకునేది మన ఇంట్లో, తినేది మన పొయ్యి మీద అన్నం. తెల్లారి మొదటి బస్సుకు పోతాం. ఆడ మంచినీళ్లు కూడా ముట్టబాక. ఇంక యాడ నుంచి వస్తాది?"

"వస్తే?"

రెబెక్కమ్మకూ ఆశ అడుగంటింది. కూతురి పక్కన కూర్చుని కాళ్లు తన ఒళ్లోకి తీసుకుంది. రెండేళ్లలో ఆ కాళ్లు పుల్లల్లా అయిపోయాయి.

"వస్తే ఇంక పరుగు మాటెత్తను. వాణిని అన్నది తప్పే. నువ్వు తినలేదంటే తినలేదు. నమ్ముతుండా."

ఫేబీ ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, బూట్లు సంచిలో పెట్టుకుంది.

దీపాలు పెట్టే వేళకు వాకిట్లో మోపెడ్ ఆగింది. జకరయ్య పాస్టరుగారు వచ్చారు. ఫేబీకి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఏ పోటీకి బయల్దేరుతున్నా ముందుగా ఆయన వచ్చి ప్రార్థన చేసి పంపడం వాడుక. ఫేబీ కోసం రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదేమో, ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"భయపడబాకమ్మా. సంఘమంతా నీ కోసం ఉపవాసం ఉండాము," అన్నారు ఆయన.

తల్లీకూతుళ్లు కొంగులు తల మీద వేసుకుని మోకరించారు. ప్రతి పోటీకి ముందు జరిగే క్రమంలో ఒక్కటీ తప్పలేదు. పాట పాడారు, వాక్యం చదివారు, ప్రార్థన చేశారు. ఈసారైనా బిడ్డ కడుపు చల్లగా ఉంచమని రెబెక్కమ్మ నేలకు తల ఆనించి వేడుకుంది.

చివర్న ఎప్పటిలాగే పాస్టరుగారు, గుడిలో నెలనెలా ఇచ్చినట్టే, సంస్కారపు రొట్టె పిసరంత విరిచి ఫేబీ చేతిలో పెట్టారు.