ఇగ్వానా గూట్లో కొమ్మ

కూతురు పెంచుకుంటున్న ఉడుములాంటి ఇగ్వానా కోసం వడ్రంగి బీరువా అంత ఎత్తున గూడు కట్టాడు. ముందు జాలీ తలుపు, పైన వెచ్చదనానికి దీపం, అది ఎక్కి పడుకోవడానికి అడ్డంగా మణికట్టంత లావు కొమ్మ. తన పనికి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని అతని ధీమా.

రాత్రి దీపం వెలిగించి చూసుకుని ఆర్పేశాడు. చీకట్లో కొమ్మ కిర్రుమంది.

"అప్పుడే ఎక్కేసిందే! ఇల్లు నచ్చినట్టుంది నీ బంగారానికి."

"ఇది నా ఒళ్లోనే నిద్రపోతోంది నాన్నా," అంది కూతురు వెనక మంచం మీద నుంచి.

అతను టార్చి వేశాడు. గూడు ఖాళీగా ఉంది, గడియ వేసే ఉంది. కొమ్మ మాత్రం బరువైనదేదో కూర్చున్నట్టు నడిమికి వంగిపోయి ఉంది.

"పచ్చి కర్ర కదమ్మా, ఆరేటప్పుడు అలాగే వంగుతుంది. నా చేతి పని, నాకు తెలీదా?"

గడియ బిగువు చూద్దామని చెయ్యి పెట్టాడు. కొమ్మ నెమ్మదిగా పైకి లేచి తిన్నగా అయింది. అడుగు చెక్క ధబ్బుమంది.

"చూశావా, సర్దుకుంది," అన్నాడు.

జాలీ లోపలి నుంచి అతని వేళ్ల మీదికి వెచ్చటి ఊపిరి తగిలింది.