బిస్కెట్ల డబ్బాలో పేరుముద్రలు

మల్సూన్ గుప్పెడు రాళ్ళుప్పు తీసి ముసలాయన వీపు మీదికి విసిరింది.

కొరియాలోని బూసాన్ రేవులో చేపలకు ఉప్పు పట్టే షెడ్డది. ఉప్పుకేం కొదవ.

పీడ మనిషి వచ్చిపోతే గుమ్మంలో ఉప్పు చల్లడం అక్కడ మామూలే. మనిషి ఇంకా గుమ్మం దిగకముందే వీపు మీద కొట్టడం మాత్రం కాస్త ఎక్కువే. కానీ ఆ వారంలో ఆయన రావడం అది మూడోసారి.

తోలుసంచీ చంకన పెట్టుకుని సరిగ్గా భోజనాల వేళకు దిగేవాడు. రిటైర్మెంటు డబ్బు యజమాని పెట్టే ముష్టి కాదని, ఏడాదికో నెల జీతం చొప్పున మీకు రావలసిన కష్టార్జితమేనని చెప్పేవాడు. మీ పేరున ఎంత ఉందో ఏటా కాగితం అడగండి, మధ్యలో తీసుకున్నట్టు ఎక్కడైనా రాసి ఉందేమో చూసుకోండి అని మరీ మరీ చెప్పేవాడు.

వినేదెవరు? ముందు వారమే ఒకడు బీమా అంటగట్టి పోయాడు. ఆ ముందు వారం ఇంకొకడు దేవుడి పుస్తకం తెచ్చాడు. సంచీ పట్టుకొచ్చేవాళ్ళంతా వాళ్ళకు ఒక్కటే.

నిజానికి మల్సూన్ ఆశంతా ఆ డబ్బు మీదే ఉంది. అరవై దాటాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. గోడలు చెమర్చే నేలమాళిగ గదిలో బతుకు ఈడుస్తూ, పైవీధిలో కిటికీలోంచి ఎండ పడే గది ఒకటి చూసి పెట్టుకుంది. రిటైర్మెంటు డబ్బు రాగానే దానికి అడ్వాన్సు కట్టాలి.

మూడోసారి వచ్చిన ఆ రోజు ముసలాయన అసలు మాట బయటపెట్టాడు.

"మేస్త్రి దగ్గరున్న మీ ముద్రలు వెనక్కి తీసుకోండమ్మా. ఇవాళే తీసుకోండి."

చేపలు కోస్తున్న పదకొండుమంది ఆడవాళ్ళూ కత్తులు ఆపారు.

పేరు చెక్కిన కొయ్యముద్ర పడితేనే అక్కడ కాగితం చెల్లేది. అలాంటి ముద్రలను పద్నాలుగేళ్ళ కిందట తామే మేస్త్రి చేతిలో పెట్టారు. రోజంతా చేతులు చేప నెత్తుట్లో, ఉప్పునీళ్ళలో నానుతుంటాయి. జీతాల రోజున ఎవరో ఒకరు కాగితం పాడుచేయడం, మేస్త్రి తిట్టడం. ఎందుకొచ్చిన గొడవ అని ముద్రలన్నీ బిస్కెట్ల డబ్బాలో వేసి ఆయన దగ్గరే ఉంచేశారు. ఆ డబ్బా ఏడాదికోసారి ఊళ్ళోని లెక్కల ఆఫీసుకు వెళ్ళి వస్తుందని వాళ్ళకు తెలుసు. ఎందుకు వెళ్తుందని ఒక్కరూ అడగలేదు.

"మా ముద్రలతో నీకేం పనయ్యా?" మల్సూన్ లేచింది.

"నాక్కాదు, మల్సూన్ గారూ. మీ దగ్గరుండాలి. కుడిమూల పెచ్చూడిన ముద్ర మీదే కదూ?"

మల్సూన్ ఆయన్ని ఎగాదిగా చూసింది. ముక్కూమొహం తెలియని మనిషికి తన పేరు, తన ముద్రకున్న పెచ్చు ఎలా తెలుసు?

"ఎవరు నువ్వు?"

"చెప్తాను. ఇక్కడొద్దు. నాతో లేబరు ఆఫీసుదాకా రండి, అక్కడ చెప్తాను."

అంతలో మేస్త్రి బయటికొచ్చాడు. ఆయన్ని చూడగానే ముసలాయన సంచీ చంకలో బిగించి గుమ్మం వైపు తిరిగాడు. ముద్రలు కాజేసి పరాయివాళ్ళ పేరున అప్పులు తీసే ముఠాలు తిరుగుతున్నాయక్కా, జాగ్రత్త అని మేస్త్రి తాపీగా చెప్పాడు.

అంతే, మల్సూన్ చెయ్యి ఉప్పుబస్తాలోకి పోయింది.

ముసలాయన కోటు దులుపుకోను కూడా లేదు. దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. పీడా వదిలిందనుకున్నారు.

ఆకులు రాలే రోజుల్లో కంపెనీ మూతపడింది. మేస్త్రి ఫోను ఎత్తడం మానేశాడు.

రిటైర్మెంటు డబ్బు కోసం మల్సూన్ లేబరు ఆఫీసుకు వెళ్తే, అక్కడి ఆఫీసరమ్మ కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. "మీరు ఏటా తీసేసుకున్నారు కదమ్మా. ఇంటి అడ్వాన్సు కోసమని అర్జీ, నగదు ముట్టినట్టు రసీదు. పద్నాలుగుసార్లు."

"ఇంటి అడ్వాన్సా? నేనింకా నేలమాళిగలోనే ఉన్నాను తల్లీ. కావాలంటే వచ్చి గోడలు ముట్టుకుని చూడు."

"ముద్ర మీదే కదా?"

కుడిమూల పెచ్చూడి ఉంది.

ఆఫీసరమ్మ మంచిదే, పాపం జాలిపడింది. ఈ ముద్రలు వేసిన మనిషెవరైనా నా ఎదుటికొచ్చి చెప్పినా, రాసి ముద్ర వేసి ఇచ్చినా చాలు, మీ డబ్బు మీకు ఇప్పిస్తానంది.

మెట్లు దిగుతుంటే మల్సూన్‌కు ముసలాయన అన్న పెచ్చు మాట ఠక్కున గుర్తొచ్చింది.

షెడ్డులో పక్కబల్ల మీద చేపలు కోసే ఓక్‌బున్‌ను వెంటబెట్టుకుని రేవంతా వెతికింది. చివరికి పులుసన్నం కొట్టామె ఆనవాలు పట్టింది. తోలుసంచీ ప్యో గారా, ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో వేసవిలోనే పోయారంది.

"మీరు ఉప్పు కొట్టారటగా. నాకది తగిందే అనేవాడు."

చేపల షెడ్డు ఆడవాళ్ళు అడిగితే ఇమ్మన్నాడని, ఎవరూ రాకపోతే తానూ మరిచిపోయానని, బియ్యం డబ్బా వెనక నుంచి సంచీ తీసింది. ఇందులో కాగితానికి ఆఫీసరు ముందే ముద్ర వేస్తాను, అప్పుడు ఎవడూ కాదనలేడు అంటూ ముద్రను కోటు జేబులోనే పెట్టుకు తిరిగేవాడట. నా అన్నవాళ్ళు లేరు కనక ఆ కోటుతోనే దహనం చేశారట.

సంచీలో ఒకటే కాగితం. ఓక్‌బున్ అందుకుని పైకి చదివింది. పదకొండు పేర్లూ ఉన్నాయి. ఏ ఏడు ఎవరి డబ్బు ఎంత మింగారో వరసగా ఉంది.

చివర, "లెక్కల ఆఫీసులో కూర్చుని ఈ పద్నాలుగేళ్ళూ మీకు తెలియకుండా మీ అందరి ముద్రలూ వేసింది నేనే" అని ఉంది, దాని కింద ఆయన ముద్ర పడాల్సిన చోటు ఖాళీగా ఉంది.