ఒంటిచేతి దండం

ర్యాక్ కూలేసరికి బల్బు కూడా పోయింది. కిటికీ లేని వెనకగది. ఇనుప అరల కింద ఇద్దరు. ఒకరు పాడైన బొమ్మలు బాగుచేసే షాపాయన, వీధిలో అందరూ బొమ్మల డాక్టరు అని పిలుస్తారు. రెండోవాడు ఆయన బావమరిది.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నాను బావా. కాళ్లు కదలడం లేదు. నీకో?"

"గుండె మీద ఇనప పట్టీ పడింది. ఊపిరి సగమే ఆడుతోంది."

ఫోన్లు ముందుగదిలో బల్ల మీద ఉన్నాయి. భోజనాల వేళని షట్టరు దించేశారు. ఎంత అరిచినా అరుపు చుట్టూ పడ్డ అట్టపెట్టెల్లోనే ఇంకిపోతోంది.

"ఆ పై పెట్టె లాగొద్దన్నానా?"

"పాత సామాను పారేయించమని అక్కే పంపింది. నువ్వేమో మూడు నెలలుగా ఆ బొమ్మ తుపాకీ చేత్తో పట్టుకుని వదలవు."

"దాంట్లో చిప్పు ఇప్పుడు ఎక్కడా దొరకదురా. ఒక్కటే ఎనిమిది రకాల చప్పుళ్లు చేసేది."

"చేసేది! ఈ మూడు నెలల్లో కిక్కురుమందా? ఆ మూగదాని కోసం ఇద్దరి ప్రాణాల మీదికీ తెచ్చావు."

బొమ్మల డాక్టరు ఎడమ చెయ్యి పట్టీ కింద ఇరుక్కుంది. కుడి చేతిని అట్టల మధ్యనుంచి మెల్లగా మడిచి గుండెల మీదికి తెచ్చుకున్నాడు. ఒంటిచేత్తో పెట్టే దండం పైకి అందుతుందా? అనుమానంగానే పెట్టాడు.

"స్వామీ..."

ఎక్కడో సైరన్ మోగింది.

"వచ్చేశారు బావా!" బావమరిది గొంతు చించుకున్నాడు. "ఇక్కడ! ఇక్కడున్నాం!"

సైరన్ ఆగిపోయింది. ఎవరూ రాలేదు.

కాసేపటికి బొమ్మల డాక్టరు మళ్లీ దండం పెట్టి "స్వామీ" అన్నాడు. మళ్లీ సైరన్. మళ్లీ ఆగింది.

"సందు దొరక్క తిరుగుతున్నట్టున్నారు. గుడి మెట్లెక్కని వాణ్ని చెబుతున్నా, నువ్వు స్వామీ అన్నప్పుడల్లా వస్తోంది. ఆపకు బావా."

"వచ్చిందల్లా మరి ఎందుకు వెళ్లిపోతోందిరా? విన్నాయన పూర్తిగా వినొచ్చు కదా."

"ఆయనతో తగువు తర్వాత పెట్టుకో. ముందు అడుగు."

అడిగాడు. అడిగినప్పుడల్లా సైరన్ వచ్చింది, పోయింది. ఊపిరి సగంలో సగమైంది. చెయ్యి రాయిలా బరువెక్కింది.

"ఇంక నావల్ల కాదు. మీ అక్కతో చెప్పు..."

"నువ్వే చెప్పుకో. ఇంకొక్కసారి బావా, నీకు పుణ్యముంటుంది."

ఇంకొక్కసారి పెట్టాడు.

షట్టరు విరిగిన చప్పుడు. వెలుతురు. నలుగురు మనుషులు కలిసి ర్యాక్ పైకెత్తారు.

ఒంటిమీద దుమ్మైనా దులుపుకోకుండా బావమరిది వాళ్లను తగులుకున్నాడు. "అరగంట నుంచీ సైరన్ వేసుకుని ఊరేగుతున్నారా? ఇంత షాపు కనబడలేదా?"

"మా బండి సైరన్ పాడై నెలయిందండీ, మూసిన షాపులోంచి సైరన్ వినిపిస్తోందని ఎదురింటావిడ ఫోన్ చేస్తే వచ్చాం," అంటూ ఫైర్‌మన్ బొమ్మల డాక్టరు కుడి మోచేతి కింద నలుగుతున్న ప్లాస్టిక్ తుపాకీని బయటికి లాగాడు.