కాంటా మీద జీపు

“మల్ల పండుకున్నది మీ కంప్యూటర్!” కాంటా మీద చెరుకు బండి ఆపుకుని భోజన్న కేకేశాడు. “ఎడ్లు అన్నంక జర కదలయా? అవి కదిల్తె చాలు, గిది బిగుసుకపోతది. చెరుకు ఎండిపోతున్నదమ్మా!”

భోజన్న కోటగిరి రైతు. అతని వెనక బండ్ల వరుస చక్కెర ఫ్యాక్టరీ గేటు దాటి బోధన్ రోడ్డెక్కింది. ఎండకి ఎడ్లు, వాటికన్నా ఎక్కువగా రైతులు, బుసలు కొడుతున్నారు.

మేనేజర్ రాజనర్సు విసురుగా కంప్యూటర్ గదిలోకి వచ్చాడు.

“విమలమ్మా, ఆఖరి మాట చెప్తున్న. ఇయ్యాల కాంటా ఆగకుంట నడిస్తె నిన్ను పర్మినెంటు చేస్త. ఆగిందా, నీ నౌకరి ఖతం.”

ప్రోగ్రాం రాసే విమల రెండు సీజన్లుగా టెంపరరీలోనే ఉంది. పర్మినెంటు అన్న మాట ఆయన నోట రావడం ఇదే మొదలు.

“ఆగదు సార్. కొత్త ప్రోగ్రాం తయారున్నది. మీరు కాంటాకు పెట్టించిన కొత్త గేట్లు కూడ అదే నడుపుతది.”

“ఏం మార్చినవ్ అండ్ల?”

“ఇన్ని దినాలు తూకం తప్పయితె ఆ ముచ్చట ప్రోగ్రాంల కింది ఫంక్షన్, అంటే కింది ముక్క, మీదిదానికి చెప్పాలె, అది దాని మీదిదానికి చెప్పాలె. నడుమ ఒక్కటి చెప్పకున్నా బిగుసుకునుడే. మనం ప్రోగ్రాం రాసే సీ భాషల తప్పులు పట్టేటందుకు వేరే ఇంతజాం లేదు సార్. సెట్‌జంప్, లాంగ్‌జంప్ అని రెండే ఉంటయి. సెట్‌జంప్ మొదట్లనే ఆనవాలు దాసి పెట్టుకుంటది. స్టాక్ ఎందాక ఉన్నది, రిజిస్టర్లల్ల ఏమున్నయ్, వాపసు ఏ జాగకు రావాలె, అన్నీ. తప్పు జరిగిందనుకోండి, లాంగ్‌జంప్ ఆ ఆనవాళ్లను ఎట్లున్నయి అట్ల మల్ల పెట్టి సీదా మొదటికే దుంకుతది.”

“నడుమ ఫంక్షన్లు?”

“వాటిని అడగనే అడగదు సార్.”

రాజనర్సు గడ్డం గోక్కున్నాడు. “చూస్త. నా జీపే పెడత. నేనే ఊపుత.”

భోజన్న బండిని వెనక్కి తీయించారు. విమల కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. జీపు కాంటా ఎక్కగానే ముందొకటి, వెనకొకటి ఇనుప కమ్ముల గేట్లు దిగి దారి మూసేశాయి. రాజనర్సు జీపు వెనక భాగంలో నిలబడి, తాను మేనేజర్‌నన్న సంగతే మరిచి, శక్తికొద్దీ ఎగిరాడు. రైతులకు ఆ సీజన్లో దొరికిన మొదటి వినోదం అది.

తెర మీద అంకెలు పిచ్చెక్కినట్టు ఆడాయి. ‘తూకం తప్పు’ అని పడింది. మరుక్షణం అన్నీ చెరిగిపోయి, పచ్చ అక్షరాల్లో ‘తరువాతి బండి రావచ్చు’ అని వచ్చింది.

“దుంకింది సార్!” కిటికీలోంచి విమల అరిచింది.

“శభాష్! ఇగ గేటు లేపు!”

గేటు లేవలేదు.

విమలకు విషయం వెంటనే తెలిసిపోయింది. గేటు ఎత్తమనే లైను తూకం ఫంక్షన్ చివర ఉంది. తప్పు ఆ ఫంక్షన్ మధ్యలో జరిగింది కాబట్టి ప్రోగ్రాం అక్కడి నుంచే మొదటికి దూకింది. చివరి లైను దాకా రానే లేదు. ఇప్పుడు దాని లెక్కలో కాంటా ఖాళీ. మెషిన్ ఆపి మళ్లీ పెట్టినా అంతే, మొదట్లో గేట్లు ఎత్తే ఉంటాయని దాని నమ్మకం. పోనీ చేత్తో ఎత్తుదామంటే, డ్రైవర్లు తామే గేటు ఎత్తుకుని పోతారని అందుకు కావలసిన పిడి పెట్టనియ్యనిది రాజనర్సే. కాంటా ఖాళీ అనుకుంటున్నదని మాత్రం ఆమె కిటికీలోంచి చెప్పింది.

“కాంటా ఖాళీ అంటున్నదట సార్ కంప్యూటర్! మరి ఇందాక ఎగిరింది ఎవరో!” భోజన్న అన్నాడు. రోడ్డు దాకా నవ్వులు పాకాయి.

రాజనర్సు కమ్మి కింది నుంచి వంగి దూరి, ఎర్రబడ్డ మొహంతో గదిలోకి వచ్చాడు.

“ఖతం! నీ నౌకరి ఖతం!”

ప్రోగ్రాం దూకి దిగిన చోటే గేటు ఎత్తమని ఒక్క లైను రాస్తే పోయేది. ఆ మాట చెప్పడానికే విమల నోరు తెరిచింది. కానీ రెండు సీజన్ల కడుపుమంట ఒక్కసారిగా పైకి వచ్చింది. సంచి తీసి భుజాన వేసుకుంది.

“ఏడికి?”

“ఇంటికి సార్. ఖతమన్నరు కద.”

“జీపు?”

“ఆడనే ఉంటది సార్.”

రాజనర్సు కిటికీలోంచి చూశాడు. జీపు కదిలితే తప్ప బండి కదలదు. బండి కదలకపోతే చెరుకు లోపలికి రాదు. చెరుకు లేక క్రషింగ్ ఆగిందంటే పైవాళ్లు ఆయన్ను నిలదీస్తారు. ఆయన గొంతు ఒక మెట్టు దిగింది.

“సరే తియ్. నీ నౌకరి ఎటూ పోదు. ఎప్పటోలె చేసుకో. కూసో, జల్ది రాయి.”

విమల సంచి పక్కన పెట్టి కూర్చుంది. కీబోర్డు మీద వేళ్లు ఆనించింది. కానీ ఒక్క మీటా నొక్కలేదు.

“గేటు లేపే లైను రాసుడు పర్మినెంటోళ్ల పని సార్.”