తెలుగులో చెప్పినవాడు

డాబా తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది.

వాసవి చేతిలో మ్యాగీ గిన్నె చల్లారిపోయింది.

ఢిల్లీ బేర్ సరాయ్‌లో ఆమె అద్దె గదికి కిటికీ ఉంది. తెరిస్తే పక్కింటి గోడ తగులుతుంది. ఎండ, గాలి, పక్కగది రితికతో కబుర్లు, సాయంత్రాలు క్లాస్‌మేట్ సుధీర్ గిటారు, అన్నీ ఆ డాబా మీదే. ఆదివారం అశోకా రోడ్‌లో ఆంధ్రా క్యాంటీన్‌కి వెళ్లి గోంగూరతో కడుపునిండా భోంచేసొచ్చినా, అరిగించుకోవడానికి అక్కడికే ఎక్కేవారు. డిగ్రీ చివరి సెమిస్టరు అలా హాయిగా సాగిపోతుంటే, నిన్న ఇంటి ఓనరు చౌధరీ పైకొచ్చాడు. సుధీర్ భుజం మీద వాసవి తల వాల్చి ఉండగా చూశాడు.

"మీ నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను," అన్నాడు చౌధరీ హిందీలో, మెట్ల కింద నిలబడి.

వాసవికి నవ్వొచ్చింది. "మా నాన్నకి హిందీ రాదంకుల్."

"తెలుసు. జక్కయ్య చేత తెలుగులో చెప్పించాను."

నవ్వు ఆగిపోయింది.

జక్కయ్య ఆ బిల్డింగుకి వాచ్‌మన్. చీరాల మనిషి. నర్సుగా చేసే కూతురి వెంట ఢిల్లీ వచ్చి, హిందీ బాగానే పట్టేశాడు.

వాసవికి గుర్‌గావ్‌లో ఉద్యోగం వచ్చింది. చేరనా అని అడిగితే, తెనాలిలో ఉన్న నాన్న ఆలోచిస్తానంటూ నాన్చుతున్నాడు. ఇంక ఆలోచించేదేముంది? పరీక్షలు కాగానే రైలెక్కించి తీసుకుపోతాడు. సంబంధాలు చూస్తాడు. ఉద్యోగమూ లేదు, ఢిల్లీ లేదు.

సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు.

"ఉద్యోగం సంగతి పరీక్షలయ్యాక చెప్తాలే. ముందు చదువుకో," అని పెట్టేశాడు.

అంటే తెలిసిపోయిందన్నమాట!

ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. ఇంతమంది హిందీవాళ్ల మధ్య, మన భాషవాడే కొంప ముంచాడు. "ఇంతకింతా అనుభవిస్తాడు ముసలాడు," అనుకుంది వాసవి పళ్లు నూరుతూ.

ఆ రోజు నుంచి జక్కయ్యతో మాటలు మానేసింది. "తిన్నారామ్మా?" అని ఆయన అడిగితే ముఖం తిప్పుకునేది. పుస్తకం తెరిస్తే పాఠం కన్నా ముందు పగే గుర్తొచ్చేది.

ఈస్టర్ నాడు ఆమెకు కావలసింది దొరికింది.

వాసవి, రితిక మరో ఇద్దరమ్మాయిలతో కలిసి బజారు నుంచి వస్తున్నారు. కూతురు వండిన బూరెలు డబ్బా నిండా పట్టుకుని, జక్కయ్య గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. వీళ్లని చూడగానే పండగ సంతోషంలో రెండు చేతులూ ఊపాడు.

"రండమ్మా, రండి! రండి!"

ఢిల్లీలో దిగిన తెలుగువాళ్లకి ముందొచ్చినవాళ్లు చెప్పే మొదటి జాగ్రత్త ఒకటుంది. 'రండి' అన్న మాట వీధిలో అనొద్దు. హిందీలో అది ఆడదాన్ని అనకూడని బూతు. జక్కయ్యకీ తెలుసు. కానీ ఎన్ని భాషలు నేర్చినా, తిండికి పిలిచేటప్పుడు మనిషికి సొంత మాటే వస్తుంది.

రితిక భగ్గుమంది. "క్యా బోలా?"

ఆ అరుపుకి చౌధరీ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"తెలుగులో 'ఆయియే' అని అర్థం బేటీ, తప్పుగా అనుకోవద్దు," అని జక్కయ్య హిందీలో బతిమాలాడు. ఎవరూ నమ్మలేదు. ఆయన వాసవి వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీకు తెలుసు కదమ్మా."

అందరూ ఆమెనే చూశారు.

"తెలుగులో 'ఆవో' అనడానికి 'రా' అంటాం," అంది వాసవి తాపీగా, హిందీలో.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చిన్నవాళ్లని పెద్దవాళ్లు 'రా' అనే పిలుస్తారు. జక్కయ్య కూడా అలాగే పిలిచి ఉంటే బతికిపోయేవాడు. మనవరాళ్ల వయసు పిల్లల్ని గౌరవించాడు గనుక దొరికిపోయాడు.

చౌధరీ ఆయన సంచీ తెచ్చి వీధిలోకి విసిరాడు. బూరెల డబ్బా బోర్లాపడింది.

జక్కయ్య సంచీ తీసుకుని, వాసవి పక్కగా వచ్చి ఆగాడు.

"ఎందుకమ్మా?"

"మా నాన్నకి నువ్వు తెలుగులో చెప్పావు. వీళ్లకి నేను హిందీలో చెప్పాను. చెల్లుకి చెల్లు."

ఆయన నోరు తెరిచాడు. అంతలోనే చౌధరీ ఆయన మెడ మీద చెయ్యి వేసి గెంటేశాడు.

ఆ సాయంత్రం వాసవి రెండు ప్లేట్ల మోమోలు తింది. ఆ ఎర్ర చట్నీ అంత కమ్మగా ఎన్నడూ అనిపించలేదు.

చివరి పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి నాన్న ఫోన్. తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తింది.

"ఉద్యోగంలో చేరమ్మా," అన్నాడు నాన్న. "పరీక్షల ముందు చెబితే నీ బుర్ర అటు పోద్దని ఊరుకున్నా. గేటు దగ్గర ఉండే తెలుగాయనకి ఒకసారి ఫోనివ్వు. దండం పెట్టుకోవాలి."

"ఆయనకెందుకు నాన్నా?"

"ఆ రోజు మీ ఓనరు ఫోన్లో అరిచే అరుపులకి నీకేమైందోనని హడలిపోయా. అప్పుడాయన ఫోనందుకుని తెలుగులో చెప్పాడమ్మా, 'ఓనరుగారు అరవట్లేదండీ, మెచ్చుకుంటన్నారు, వీళ్ల మాటతీరే అంత, మీ అమ్మాయి డాబా మీద నలుగుర్ని కూర్చోబెట్టి చదివిస్తందంట, ఇలాంటి పిల్లని ఎక్కడ ఉంచినా బెంగ లేదంటన్నారు' అని."